తాతబ్బాయి లేని నలభై అయిదు రోజులు

మా లంకలో కొబ్బరి చెట్లు తొమ్మిది వందల చిల్లర. వాటిని ఎక్కేవాడు ఒక్కడే, గుబ్బల తాతబ్బాయి. పేరు విని ముసలివాడనుకోవద్దు, వయసు ముప్పై ఎనిమిది. రేవు దగ్గర మొదలుపెట్టి కాయ దింపుకుంటూ లంక చివరికి చేరేసరికి నలభై అయిదు రోజులవుతుంది. అప్పటికి రేవు దగ్గర మొదటి చెట్టు మళ్ళీ దింపుకి వస్తుంది. అతను ఆగడు, చెట్టూ ఆగదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

వేసవి మొదట్లో పంచాయతీ గోడ మీద ఒక కాగితం అంటించారు. ముప్పై అడుగులకు మించిన ఎత్తులో పని చేయు స్వయం ఉపాధి వ్యక్తులు తగినంత జీవిత బీమా కలిగియుండవలెను, లేనిచో ఎక్కరాదు, ఎక్కినచో చెట్టు యజమాని బాధ్యుడు అని దాని సారాంశం. చివరి ముక్క చదివి పేర్రాజు గారు ఆ పూటే తాతబ్బాయిని చెట్టు మీద నుంచి దింపేశారు. లంకలో సగం చెట్లు ఆయనవి.

తాతబ్బాయి భార్య పల్లాలమ్మ మాత్రం ఆ కాగితం చూసి సంతోషించింది. దానికి కారణముంది. ఇరవై రెండేళ్ళ కిందట తాతబ్బాయి తండ్రి పేర్రాజు గారి చెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఏ చెట్టు మీద నుంచి మనిషి పడితే, ఆ రోజు ఆ చెట్టు మీదున్న కాయలన్నీ వాళ్ళింటికి పంపుతారు. ఆ రోజు ఆ చెట్టుకి ఇరవైమూడున్నాయి. లేతా ముదురూ చూడకుండా అన్నీ పంపారు. వాటిని దింపింది తాతబ్బాయే. ఊళ్ళో ఎక్కడం తెలిసినవాడు అప్పటికి ఇంకెవడూ లేడు.

"ఈసారైనా మనిషికింతని కాయితం మీద రాత్తారంట," అంది పల్లాలమ్మ. "రాయించుకుందాం."

తగినంత అంటే ఎంతో రాయడానికి బీమా నిర్ధారణ మండలి నుంచి ఒక అధికారి వచ్చారు. పేరు మదనగోపాల్. వెంట గుమాస్తా సన్యాసిరావు. పంచాయతీ రేకుల షెడ్డులో బల్ల వేసుకుని కూర్చున్నారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నన్ను సాక్షిగా పెట్టుకున్నారు.

"నీ నెల జీతమెంత?" అన్నారు అధికారి.

"జీతం లేదండి. చెట్టుకింతనండి."

"ఎంతని?"

"చెట్టుని బట్టండి. చెట్టు గలాయన్ని బట్టి కూడానండి. ఒకళ్ళు డబ్బులిత్తారు, ఒకళ్ళు రెండు కాయలిత్తారు. బాపనమ్మ గారైతే మజ్జిగిత్తారండి."

"గత మూడు సంవత్సరముల ఆదాయ పత్రములు?"

తాతబ్బాయి బల్ల పక్కకి జరిగి రెండు అరికాళ్ళూ ఎత్తి చూపించాడు. తాడు బంధం వేసుకునే చోట చర్మం పాత టైరులా ఉంది. అధికారి కళ్ళజోడు సర్దుకుని శ్రద్ధగా చూశారు.

"దీని మీద సంతకము లేదు," అన్నారు.

సన్యాసిరావు రాసుకున్నాడు.

తర్వాత అధికారి మా అందరికీ విషయం విశదం చేశారు. ఆయన గొంతు మెత్తగా, తొందర లేకుండా ఉంటుంది. "ఉద్యోగి మరణించినచో జీతము ఆగును. ఆగినదేదో అదే అతని విలువ. దానిని పదితో హెచ్చవేయుట సులభము. స్వయంజీవి మరణించినచో ఏది ఆగునో ఎవరికీ తెలియదు. తెలియవలెనన్న ఒకసారి ఆగి చూడవలెను. కావున మండలి తాత్కాలిక అభావ పద్ధతిని ప్రవేశపెట్టినది."

"అంటే ఏటండి?" అంది పల్లాలమ్మ.

"నీ భర్త నలభై అయిదు దినములు లేనట్లు పరిగణింపబడును. ఆ కాలములో కుటుంబమునకు, గ్రామమునకు కలిగిన నష్టమును కొలిచి తగినంత బీమా నిర్ణయింతుము. అపుడు కార్డు ఇత్తుము. కార్డు ఉన్నచో ఎక్కవచ్చును."

"చచ్చిపోయినట్టా అండి?"

"చట్టరీత్యా మాత్రమే."

తాతబ్బాయి మెల్లగా అడిగాడు. "మరి నేనెక్కడుండాలండి?"

"ఎక్కడైనా ఉండవచ్చును. ఉన్నట్లు మాత్రము కనబడరాదు."

మర్నాడు పొద్దున్న తొమ్మిది గంటలకి తాతబ్బాయి పోయాడు. నేను సాక్షి సంతకం పెట్టాను. పేర్రాజు గారు రెండు నిమిషాలు నిలబడ్డారు. తాతబ్బాయి కూడా మర్యాద కోసం నిలబడితే, మృతుడు నిలబడనక్కర లేదని అధికారి కూర్చోబెట్టారు.

మొదటి చిక్కు మధ్యాహ్నానికే వచ్చింది. పల్లాలమ్మ మొగుడికి అన్నం వడ్డించబోతే సన్యాసిరావు అడ్డం పడ్డాడు. లేని మనిషి తినడు. తింటే ఇంటి ఖర్చు తగ్గలేదని లెక్కలో తేలుతుంది, కొలత చెడిపోతుంది.

"మరి తినకుండా ఎన్నాళ్ళుంటాడండి?"

"ఎన్నాళ్ళుండాలన్నది కాదమ్మా. లేడన్నదే ప్రశ్న."

విషయం అధికారి దాకా వెళ్ళింది. ఆయన రాయి గుండె మనిషి కాదు. అరగంట నిబంధనలు తిరగేసి దారి కనిపెట్టారు. పోయినవారికి పిండం పెట్టడం ఆచారం. ఆచారానికి మండలి అడ్డం రాదు. విస్తట్లో వడ్డించి అరుగు మీద పెట్టి, కాకుల్ని పిలిచి లోపలికి వెళ్ళిపోవాలి. తర్వాత ఎవరు తిన్నారన్నది మండలి పరిధిలోది కాదు.

ఆ రోజు నుంచి పల్లాలమ్మ రెండు పూటలా అరుగు మీద విస్తరి పెట్టి కావు కావుమని పిలిచేది. తాతబ్బాయి ఒక చేత్తో కాకుల్ని తోలుకుంటూ రెండో చేత్తో తినేవాడు. సన్యాసిరావు అటు తిరిగి నిలబడి, విస్తరి ఖాళీ అయ్యాక ఇటు తిరిగి "ముట్టినది" అని రాసుకునేవాడు. ఒకరోజు చేపల పులుసు పెడితే కాకులు ఎక్కువ వచ్చాయి. ఆ రోజు తాతబ్బాయి అర్ధాకలితోనే లేచాడు.

"బతికున్నప్పుడు పిలిచినా రానోడు, చచ్చేక ఏళకొచ్చి తింటున్నాడండి," అంది పల్లాలమ్మ నాతో.

వారానికొకసారి దుఃఖం కొలిచేవారు. దుఃఖానికి బీమాలో కొంత భాగముందట. మండలి ఇచ్చిన పట్టిక ప్రకారం కన్నీరు, నిద్రలేమి, ఆకలి మందగించుట అని మూడు గళ్ళు. మొదటి వారం సన్యాసిరావు వచ్చేసరికి తాతబ్బాయి దొడ్లో అంట్లు తోముతున్నాడు. పల్లాలమ్మ గడప మీద కూర్చుని తల దువ్వుకుంటోంది.

"భర్త లేని లోటు ఎలా ఉందమ్మా?"

"మా ఇంట్లో అంట్లు మగోడు తోమడం నేను పుట్టేక ఇదే చూట్టం. ఇంకో నెల్లాళ్ళు పొడిగిత్తారేటండి?"

"బొట్టు తీయలేదేమని అధికారి గారు అడిగారు."

పల్లాలమ్మ దువ్వెన పక్కన పెట్టి చీపురు ఎక్కడుందో చూసింది. సన్యాసిరావు ఆ ప్రశ్న కొట్టేశాడు. దుఃఖం గళ్ళు మూడింటిలోనూ సున్నా చుట్టాడు. ఇంకో వారానికి ఆమె ముఖం కాస్త నిండిందని, సున్నా కిందకి దిగి ఎదురు అంకె వేయవచ్చునా అని పై వాళ్ళకి ఉత్తరం రాశాడు.

ఈలోగా చెట్లు తమ పని తాము చేసుకుపోయాయి. కాయ ముదిరితే చెట్టు ఎవరి కార్డు కోసమూ ఆగదు. మూడో వారం నుంచి రాలడం మొదలైంది. పగలు రాలింది, రాత్రి రాలింది, పెళ్ళివారి పందిరి మీద రాలింది. ఎండు మట్టలు జారి పడ్డాయి. రోడ్డు మీద నడిచేవాళ్ళు నెత్తిన ఏదో ఒకటి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. ఆడవాళ్ళు బిందెలు, మగవాళ్ళు ఇనప తట్టలు. పూజారి గారు గంగాళం బోర్లించుకుని వచ్చేవారు, ఆయన పక్క నుంచి వెళ్తే మంత్రం లోపలి నుంచి వినబడేది. అధికారీ గుమాస్తా హెల్మెట్లు పెట్టుకున్నారు. గట్టిగా కట్టు బిగించి, ఆ ఎండలో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీసేవారు కారు.

"ఈ హెల్మెట్లు నట్టం కింద రాత్తారాండి?" అని అడిగాను.

"అవి రవాణా పద్దు," అన్నారు అధికారి లోపలి నుంచి.

రాలిన కాయని ఆయన తనే ఏరించి లెక్కపెట్టించారు. పేర్రాజు గారి తోటలో పడిన కాయల కుప్ప చూసి ఆయన ముఖం వికసించింది. "గమనించితిరా? దింపువాడు లేకున్నను కాయ దిగుచున్నది. పైగా కూలి మిగిలినది."

"ఎలకలు కొట్టేసినవి తీసేసేరాండి?" అన్నాడు తాతబ్బాయి గోడవతల నుంచి.

"మృతులు సమావేశములో జోక్యము చేసుకొనరాదు," అన్నారు అధికారి. ఎలుకలు కొట్టినవి మాత్రం విడిగా ఏరించారు.

అసలు తప్పు మేమే చేశాం. చెట్టెక్కినవాడికే తెలిసేవి కొన్నుంటాయి. ఏ చెట్టు తల మొవ్వులో కొమ్ము పురుగు దూరింది, ఏ చెట్టు ఈ గాలివానకి ఆగదు, ఏ గెల నీళ్ళు తియ్యన. ఇవన్నీ తాతబ్బాయికి తెలుసు. కానీ పోయినవాణ్ణి సలహా అడగకూడదని నిబంధన. పేర్రాజు గారి చెట్లు నాలుగు తల వాల్చాయి. ఆయనకి నిద్ర పట్టలేదు. రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు సోదె చెప్పే మారెమ్మని రేవు దాటించి పిలిపించారు. పోయినవాళ్ళు సోదెలో వచ్చి మాట్లాడతారని మా వైపు నమ్మకం. దానిని ఏ నిబంధనా కాదనలేదు.

తాతబ్బాయి అరుగు మీదే చాటలో బియ్యం పోసి దీపం పెట్టారు. మారెమ్మ మూడుసార్లు ఆవలించి ఊగింది. తాతబ్బాయి కిటికీ లోపల మంచం మీద పడుకుని ఉన్నాడు.

"వచ్చేనర్రా," అంది మారెమ్మ.

"ఎవరొచ్చేరు?" అన్నారు పేర్రాజు గారు.

"గుబ్బలోరి బిడ్డనొచ్చేను."

"తాతబ్బాయీ, మన పడమటి గట్టు చెట్లు నాలుగూ తల వాల్చేయిరా. ఏం చెయ్యమంటావు?"

మారెమ్మ ఊగుతూ కిటికీ వైపు చెవి వంచింది. లోపల్నుంచి సన్నగా ఏదో వినబడింది.

"మొవ్వులో పురుగుందంట బాబూ. ఇనప చువ్వతో పొడిచి తియ్యాలంట. ఇసకా వేపపిండీ కలిపి పొయ్యాలంట. ఇంకోటంట, పోయిన దింపు కూలి పదిహేను చెట్లకి రాలేదంట."

పేర్రాజు గారు కూలి చాటలో వేశారు. ఏడుపులు లేకుండా జరిగిన సోదె మా లంకలో అదే మొదటిది. మర్నాటి నుంచి వరస కట్టారు. నేనూ వెళ్ళాను. నా పెరట్లో పదకొండు చెట్లున్నాయి, ఒకటి ఇంటి వైపు వాలింది. కొట్టించెయ్యమని మారెమ్మ నోట చెప్పాడు. మేం తాతబ్బాయికి మేలు చేస్తున్నామనే అనుకున్నాం. ఎందుకంటే ప్రతివాడూ చాటలో గుప్పెడు బియ్యం ఎక్కువే పోశాడు. అది మారెమ్మా పల్లాలమ్మా సగం సగం పంచుకునేవారు.

నలభయ్యో రోజున అధికారి సోదె చూడటానికి స్వయంగా వచ్చారు. వద్దనలేదు, ఆపలేదు. ఒక మూల కుర్చీ వేయించుకుని ఆఖరుదాకా విన్నారు. లేచేటప్పుడు సన్యాసిరావుతో ఒకే వాక్యం రాయించారు. నేను సాక్షిని గనక చదివే సంతకం పెట్టాను. మరణానంతరము కూడ నిపుణ సేవలు యథాతథముగా అందుచున్నవి, వాటిపై ప్రతిఫలము కుటుంబమునకు చేరుచున్నది. అలా రాయించారు.

సంతకం పెట్టాక ఆ వాక్యం ఇంకోసారి చదివాను.

నలభై అయిదో రోజున షెడ్డులో ఫలితం చదివారు. రేకులు కాలిపోతున్నాయి. అధికారి హెల్మెట్ తీయకుండానే నిలబడి చదివారు. కాయ తనంతట తాను రాలినది గావున ఉత్పత్తి నష్టము లేదు. కూలి మిగిలినది గావున గ్రామమునకు లాభము. సేవలు ఆగలేదు. దుఃఖము కనబడలేదు. నష్టమని రుజువైనది ఒకటే, ఎలుకలు కొట్టిన కాయలు. అవి ఇరవై రెండు.

"కావున గుబ్బల తాతబ్బాయి అను స్వయంజీవికి తగినంత బీమా ఇరవై రెండు కొబ్బరికాయల విలువగా నిర్ధారించడమైనది."

పల్లాలమ్మ లేచింది.

"మా మావకి ఇరవైమూడిచ్చేరండి," అంది.

అధికారి పేర్రాజు గారి వంక చూశారు. పేర్రాజు గారు రేకుల వంక చూశారు.

"ఆ కాలపు ప్రాతిపదిక వేరు," అన్నారు అధికారి. "ఇంకొక సంగతి. కనిష్ఠ పరిమితి లక్ష రూపాయలు. అంతకు తక్కువగు బీమా జారీ చేయుటకు వీలు లేదు. బీమా లేనిచో కార్డు లేదు."

"కార్డు లేకపోతే ఎక్కకూడదు కదండి," అన్నాడు తాతబ్బాయి.

"కూడదు."

"నాకు ఇంకో పని రాదండి."

"పని రాకుండుటకు మా మండలిలో గడి లేదు నాయనా," అన్నారు అధికారి. జాలిగానే అన్నారు. కాగితాలు సర్దుకున్నారు, రెండడుగులు వేశారు, బల్ల పట్టుకున్నారు, తర్వాత బల్లతో సహా కింద పడ్డారు.

నెల రోజులు హెల్మెట్‌లో ఉడికిన తల అది. వడదెబ్బ. తీసుకెళ్ళి తాతబ్బాయి ఇంటి పక్కనున్న పేర్రాజు గారి చెట్ల నీడన మంచం మీద పడుకోబెట్టాం. మజ్జిగ పోస్తే కక్కారు. ఉప్పూ పంచదారా కలిపి పోస్తే అదీ కక్కారు. ఆర్ఎంపీ డాక్టరు వచ్చి నాడి చూశాడు.

"బొండాం నీళ్ళు పట్టండి. అదొక్కటే నిలుస్తుంది."

అందరం పైకి చూశాం. తల మీద గెలలు గెలలుగా ఉన్నాయి, లేత ఆకుపచ్చగా. కింద ఒక్కటీ లేదు. రేవవతల కొందామన్నా లేవు. ఉత్తర్వు జిల్లా అంతటికీ ఒకటే, బొండాల బండి కనబడి నెల దాటింది.

తాతబ్బాయి తన ఇంటి చూరులోంచి తాడు లాగాడు. పల్లాలమ్మ ఆ తాడు మీద కాలు వేసి నిలబడింది.

"నువ్వు చచ్చిపోయేవు. కూకో."

"పాపమే, నోరెండిపోతంది ఆయనకి."

"కార్డు లేకుండా ఎక్కితే పేర్రాజు గారి మీద కేసెడతారు. ఆయన మీద జాలి లేదా నీకు?"

పేర్రాజు గారు తల ఊపారు, ఆ జాలి ఉండాలని.

మంచం మీద అధికారి కళ్ళు తెరిచారు. "సన్యాసిరావూ, బొండాము..."

"రాలవలెను సార్," అన్నాడు సన్యాసిరావు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "కాయ తనంతట తాను రాలునని నివేదికలో రాశాం. వేచి చూద్దామా?"

వేచి చూశారు. నివేదిక వారిది, కాదనడానికి మేమెవరం. మంచం మాత్రం గెల కిందకి సరిగ్గా రాకుండా ఓ జానెడు పక్కకి లాగాం. పావుగంటలో ఒక ముదురు కాయ పడింది. ఇంకో పావుగంటకి ఒక ఎండు మట్ట పడింది. లేత బొండాం తొడిమ అలాంటిది కాదు. కత్తి పడాలి, కత్తి పట్టుకుని మనిషి ఎక్కాలి. ఇది మా ఊళ్ళో పాకే పిల్లలకి కూడా తెలుసు. ఎవరమూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

పొద్దు నడినెత్తి దాటింది. అధికారి పెదాలు తడుపుకున్నారు.

"అమ్మా," అన్నారు. అంతవరకు ఆయన పల్లాలమ్మని అలా పిలవలేదు.

"చెప్పండి బాబూ."

"ఫారము తెప్పించు. సవరించెదను. ఎంత రాయమందువు?"

పల్లాలమ్మ ఆలోచించింది. ఆమెకు అంకెలు పెద్దగా తెలియవు. ఇరవైమూడు దాకా తెలుసు.

"మీకెంతుందండి?"

"ఏమి?"

"మీరు పోతే మీ ఇంటికెంతొత్తాదండి?"

అధికారి కాసేపు గెలల వంకే చూశారు. "ఇరవై లక్షలు."

"అయితే అదే రాయండి. మా ఆయన మీకంటే ఎత్తులో పని చేత్తాడు గానీ, ఎక్కువొద్దులెండి."

సన్యాసిరావు గబగబా రాశాడు. అధికారి పడుకునే సంతకం పెట్టారు. కార్డు మీద ముద్ర పడింది. పల్లాలమ్మ కాలు తాడు మీద నుంచి తీయలేదు.

"ఇంకేమి?"

"దాని కింద ఇరవైమూడు కాయలు కూడా రాయండి. అది ఆనవాయితీ."

రాశారు. కాయలిచ్చేది చెట్టు గలాయన గనక పేర్రాజు గారు పక్కన పొట్టి సంతకం పెట్టారు. అప్పుడు కాలు తీసింది.

తాతబ్బాయి పాదాలకి బంధం తగిలించుకుని చెట్టుకి దండం పెట్టాడు. నలభై అయిదు రోజులు నేల మీదున్న అరికాళ్ళు కదా, మొదటి నాలుగు అడుగులు కొంచెం తడబడ్డాడు. పల్లాలమ్మ కింద నిలబడి తలెత్తి చూసింది. దుఃఖం పట్టికలో మూడు గళ్ళూ ఒక్కసారి నిండేలా చూసింది. సన్యాసిరావు అటు చూడలేదు. అప్పటికి పట్టిక మూసేశారు. తాతబ్బాయి మొవ్వు అందుకున్నాక గానీ ఆమె ఊపిరి వదల్లేదు.

గెల తాడుకి కట్టి దింపాడు. అధికారి మూడు బొండాలు తాగి, నాలుగో దాని లేత కొబ్బరి గరిటెతో తిని, లేచి కూర్చున్నారు. ఫారంలో ఒక గడి ఖాళీగా మిగిలిపోయిందని సన్యాసిరావు గుర్తు చేశాడు. సవరణకు కారణము అన్న గడి. అది నింపకపోతే పై వాళ్ళు ఒప్పుకోరు.

అధికారి కలం తీసుకుని స్వహస్తంతో రాశారు. నేను సాక్షి సంతకం పెట్టాను. నలభై అయిదు రోజుల్లో నేను సంతోషంగా పెట్టిన సంతకం అదొక్కటే.

"బొండాము తనంతట తాను రాలదు."